మా మంజుల పీట ఎక్కని మధ్యాహ్నం: మే ఎండలో జాలహళ్ళి ప్రయాణం

మా అక్క కూతురు మంజుల పెళ్ళి మే నెలాఖరులో జాలహళ్ళిలో నిశ్చయమైంది. మా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని ఎత్తుకొని పీటల దాకా తెచ్చేది మేనమామే. ఆ మేనమామను నేను. కనుక ఎండ ఎంత ఉన్నా వెళ్ళక తప్పదు. రాయచూరు బజారులో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాసుకునే మనిషిని, దూర ప్రయాణాలు చేసినవాణ్ణి కాను. అయినా ఈ చిన్న ప్రయాణం గురించి రాయాలనిపించింది. మా జిల్లాలో పెళ్ళిళ్ళన్నీ ఈ ఎండల్లోనే జరుగుతాయి, వాటికి వచ్చే చుట్టాలు ఇది చదివితే మంచిది.

నేనూ నా భార్య సరోజా ఉదయం ఆరు గంటల బస్సు ఎక్కాం. బస్సు కల్మల దాకా లింగసుగూరు రోడ్డు మీద వెళ్ళి, అక్కడి నుంచి దేవదుర్గ వైపు తిరుగుతుంది. నా టికెట్టు వంద రూపాయల లోపే అయింది, ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సు ఉచితం. ముందు రాత్రి నాలుగు చినుకులు పడి ఆగిపోవడంతో పొద్దున్నే ఉక్క మొదలైంది. మాకు పొడి ఎండ అలవాటే. ఇలా ఉక్కతో కలిసిన ఎండ వేరు. పట్టిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మా సంచిలో రెండు పెద్ద సీసాల నీళ్ళు, నీళ్ళలో కలుపుకునే ఓఆర్ఎస్ పొడి, రెండు నూలు తువ్వాళ్ళు ఉన్నాయి.

కండక్టర్ మా బట్టలు చూసి, "మదువెగా? మధ్యాహ్న లగ్నా?" అని, పెళ్ళికేనా అన్నట్టు కన్నడంలో అడిగాడు. నేను తల ఊపాను. "బిసిలు భాళ ఐతి యజమాన్రే, హుషారు" అని ఎండ గురించి జాగ్రత్త చెప్పాడు. దానికీ తలే ఊపాను.

"నోరు తెరిస్తే చెమట పోతదని ఆయన భయం అన్నా" అంది సరోజ కండక్టర్‌తో. వెనక సీట్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

దేవదుర్గలో దిగి ఇరవై రూపాయలకు నిమ్మకాయ సోడా తాగి, జాలహళ్ళి బస్సు పట్టుకున్నాం. తొమ్మిదిన్నర దాటేసరికి అక్క ఇల్లు చేరాం. ఇంటి ముందు వీధికి అడ్డంగా రేకుల పందిరి వేశారు. నీడ ఉందన్న మాటే గానీ, దాని కింద నిలబడితే నెత్తి మీద పొయ్యి పెట్టినట్టు ఉంది. మా బావ తిమ్మప్ప పట్టుపంచె కట్టుకొని, పట్టు ఉత్తరీయం కప్పుకొని, పందిరికీ వంటశాలకూ మధ్య తిరుగుతున్నాడు. ఆయనకు ఊళ్ళో బట్టల దుకాణం ఉంది. అరవైకి దగ్గరపడిన మనిషి, ఒక చోట కూర్చోలేడు.

"ఏం బామ్మర్దీ, ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు.

"ఇప్పుడే బావా."

"మీ రాయచూరోళ్ళకు ఇప్పుడు తెల్లారిందా?" అని నా వీపు మీద చరిచి వంటశాల వైపు వెళ్ళిపోయాడు.

మా వైపు కన్యాదానం అయ్యేదాకా పెళ్ళికూతురి తల్లిదండ్రులు ఏమీ ముట్టరు. కొన్ని ఇళ్ళల్లో పాలు, పండ్లు తీసుకుంటారు. మా బావ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. లగ్నం మిట్టమధ్యాహ్నానికి ఉంది. అంటే ముందు రాత్రి భోజనం తరువాత బావా, అక్కా గుక్కెడు నీళ్ళు తాగలేదు. సరోజ అక్కకు చెప్పి చూసింది. "ఒక్క పూట సరోజా, మా అమ్మ చెయ్యలేదా, మా అత్త చెయ్యలేదా" అంది అక్క. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఇళ్ళ లోపల, రాళ్ళ మిద్దెల కింద జరిగేవని నాకు తట్టింది.

పదకొండు గంటలకు బావ మళ్ళీ ఎదురయ్యాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు. వేళాకోళం అనుకొని నవ్వాను. ఆయన నవ్వలేదు. వరస వేసిన కుర్చీలను పట్టుకొని పట్టుకొని నడుస్తూ వెళ్ళాడు. పక్కన కూర్చున్న ముసలాయన తల ఆడించి, "బిడ్డనిచ్చే తండ్రికి సోయి ఉంటదా? నా బిడ్డ లగ్గం నాడు నేను చెప్పులు మరిచి గుడికి పోయిన" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఔనంటే ఔనన్నారు. ఎర్రబడ్డ కళ్ళు, పొంతన లేని మాటలు, తూలే నడక చూసి అందరూ కూతురి మీది బెంగ అనుకున్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

కాసేపటికి బావ నా ముందుకే వచ్చి నిలబడి, "బామ్మర్దీ, ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు. మూడోసారి. చేయి పట్టుకున్నాను. పెనం పట్టుకున్నట్టు కాలింది. అంత ఉక్కలో అందరి బట్టలూ తడిసి ముద్దవుతుంటే ఆయన ఛాతీ మీద చుక్క చెమట లేదు. "సరోజా!" అని అరిచాను. నేను అంత గట్టిగా అరవడం తను ఎప్పుడూ వినలేదట, చేతిలోని పళ్ళెం అక్కడే పడేసి వచ్చింది.

ఇద్దరం పట్టుకొని లోపల బండలు పరిచిన గదిలోకి తెచ్చాం. అక్కడికి వచ్చేసరికి కాళ్ళు మడతపడ్డాయి. సరోజ పట్టు ఉత్తరీయం లాగేసి, పంచె వదులు చేసి, డ్రమ్ములోని నీళ్ళతో ఒళ్ళంతా తడిపింది. నేను తడి తువ్వాలు కప్పి, టేబుల్ ఫ్యాన్ ఆయన మీదికి తిప్పాను. షర్బత్ కోసం తెచ్చిన ఐసుగడ్డను సరోజ పగలగొట్టించి, గుడ్డలో చుట్టి మెడ దగ్గరా చంకల్లోనూ పెట్టింది. అక్క ఏడుస్తూ చెంబుతో నీళ్ళు నోటికి అందించబోయింది.

"వద్దు వదినా! సోయి లేనోళ్ళ నోట్ల పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయ్. పైన పొయ్యి, నోట్ల పొయ్యకు" అంది సరోజ.

ఊళ్ళోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పందిరి వేసినవాళ్ళ ఆటోలో బావను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటి మీద తడి గుడ్డలు తీయకుండా, సరోజ మరో ఇద్దర్ని తీసుకొని వెళ్ళింది. వెంట వెళ్ళబోయిన అక్క గడప దగ్గరే కూలబడింది. అప్పుడు కూడా నేను ఓఆర్ఎస్ కలిపి ఇచ్చిన గ్లాసు ముట్టలేదు. "నేను కూడ తాగితే ఆ లగ్గం ఎట్లయితది తమ్మీ?" అంది.

లగ్నానికి ఇంకా అరగంట ఉంది. పంతులుగారు పందిట్లో నుంచి కబురు పంపారు. తండ్రికి బదులు పెదనాన్న పీట మీద కూర్చోవచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది, మేనమామ పిల్లను తేవాలి అని. నేను లోపలి గదికి వెళ్ళాను. మంజుల బాసికం కట్టుకొని సిద్ధంగా ఉంది. సంగతి అప్పటికే తెలిసినట్టుంది, కాటుక చెదిరింది. నేను పంతులుగారి మాట చెప్పాను.

"మామా, నాన్న ఎట్లున్నడు?"

"దవాఖానల ఉన్నడు బిడ్డా. ఇంకా కండ్లు తెరవలే."

ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే నన్ను లేపకు. నాన్న లేకుంట నేను పీట ఎక్క. గీ లగ్గం పోతే ఇంకోటొస్తది. నాన్న ఇంకొకడు రాడు." తరువాత గడప దగ్గరున్న తల్లి వైపు చూసి, "అమ్మా, నువ్వు ఆ గ్లాసు తాగితేనే నాతోటి మాట్లాడు" అంది.

అక్క కూతుర్ని చూసింది, గ్లాసును చూసింది. ఏడుస్తూనే మొత్తం తాగింది.

నేను పందిట్లోకి ఒట్టి చేతులతో వెళ్ళాను. రెండు వైపుల వాళ్ళూ నన్నే చూస్తున్నారు. మాట్లాడటం నాకు చేతకాదు. "పిల్లను తేను. తండ్రి లేచినంక తెస్త" అన్నాను. మేనమామ తేనిదే పిల్ల రాదు, అది అందరికీ తెలుసు. గోల మొదలైంది. చంద్రబండ నుంచి ఇంతమందిమి వచ్చాం, పొద్దు దాటితే ఎలా అని మగపెళ్ళివారిలో ఒకాయన లేచాడు. ముహూర్తం తప్పితే దోషం అన్నారు పంతులుగారు.

అప్పుడు పెళ్ళికొడుకు తల్లి లేచింది. ఆమెను చూస్తే అందరికీ భయమే. పందిరంతా సద్దుమణిగింది.

"పంతులుగారూ, మీరు పొద్దటి సంది మూడు గ్లాసుల మజ్జిగ తాగిన్రు. తప్పంటలేను, మంచిగ చేసిన్రు. ఆ మనిషికి ఒక్కటి ఇస్తే దవాఖానకు పోకపోతుండె. రేపు పొద్దుగాల లగ్నం ఉందా లేదా చూడున్రి." తరువాత తన వాళ్ళ వైపు తిరిగి, "ఏంది గట్ల చూస్తున్రు? వంట అయింది, తినున్రి. అన్నం తిననీకె లగ్గం ఎందుకు?" అంది.

పంతులుగారు పంచాంగం తిరగేశారు. మర్నాడు సూర్యోదయం వేళకు లగ్నం దొరికింది.

ఒంటిగంట దాటాక నేనూ అక్కా ఆసుపత్రికి వెళ్ళాం. చేతికి సెలైన్ పెట్టి, ఇంకా తడి గుడ్డలు మారుస్తూనే ఉన్నారు. డాక్టరు, "తెచ్చేటప్పుడు తడుపుకుంటూ తెచ్చారు, అదే కాపాడింది" అన్నారు. సరోజ గోడకు ఆనుకొని కూర్చుంది, పట్టుచీర నడుము దాకా తడిసి ఉంది. పెళ్ళికని ఏడాది ముందు కొన్న చీర. దాన్ని తను ఒక్కసారి కూడా చూసుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి బావ కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టాడు. "మంజుల లగ్గం అయిందా?" అన్నాడు.

"కాలేదు బావా. నువ్వు లేకుంటే పీట ఎక్కనన్నది."

ఆయన కంటి పక్కనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. "పిచ్చి పిల్ల" అన్నాడు. తరువాత, "నీళ్ళియ్యి" అన్నాడు. నర్సును అడిగి చెంచాతో ఇచ్చాం.

ఆ రోజు జాలహళ్ళి వాళ్ళు చేసిన మేలు రాయకపోతే తప్పు. ఎవరూ అడగకముందే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మగపెళ్ళివారికి చల్లటి గదులు ఖాళీ చేసి ఇచ్చారు. వీధి వీధంతా కుండల్లో నీళ్ళు, మజ్జిగ పెట్టారు. మేము మళ్ళీ ఎవర్నీ ఎండలో నిలబడనివ్వలేదు.

మర్నాడు తెల్లవారుజామున చల్లటి గాలి వీచింది. డాక్టరు ఒక గంటకు ఒప్పుకొని, అయిపోగానే తిరిగి రావాలని చెప్పి పంపారు. బావ నూలు పంచెతో, చేతికి సూది పట్టీతో కుర్చీలో కూర్చున్నాడు. నేను మంజులను ఎత్తుకున్నాను. "మామా, పడేస్తవా ఏంది, గింత గట్టిగ పట్టుకున్నవ్" అంది చెవిలో. "నీ బరువుకు" అన్నాను. పందిట్లోకి వస్తుంటే నా మెడ నిటారుగా ఉందని సరోజ తరువాత చెప్పింది.

కన్యాదానానికి కలశం అందించే ముందు పంతులుగారు ఆగారు. "తిమ్మప్పా, ముందు నీళ్ళు తాగు. అమ్మా, నువ్వు కూడా" అన్నారు. అందరి ముందు బావ గ్లాసెడు నీళ్ళూ తాగాడు. ఆయన గొంతు కదలడం రెండు వందల మందిమి చూశాం. అప్పుడు కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టి నీళ్ళు ధారపోశాడు. మంజుల తల వంచలేదు, ధార ఆగేదాకా తండ్రి ముఖమే చూసింది.

చాలా పెళ్ళిళ్ళు చూశాను. భోజనాలు, నగలు చెప్పుకొని మురిసిపోయేవాళ్ళనూ చూశాను. మంజుల పెళ్ళిలో సాంబారు పులిసిపోయింది, బ్యాండువాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోయారు. అయినా అంత గర్వం నాకు ఇంతకు ముందు కలగలేదు. పెళ్ళిపీట దాకా వచ్చిన పిల్ల తండ్రి ప్రాణానికి ఎంత విలువ కట్టాలో అందరికంటే ముందు తెలుసుకుంది. కొత్త అత్తగారు ఆమె వైపు నిలబడింది. మా ఇంట్లో ఇక ఏ తల్లీ తండ్రీ నీళ్ళు మానుకొని పీట మీద కూర్చోరు. ఆ మాట ఎవరూ తీర్మానం చేయలేదు, ఆ ఉదయం అందరూ చూశారు, అంతే.

మే నెలలో మా వైపు పెళ్ళికి వచ్చేవాళ్ళకు ఒక్క సలహా. పందిట్లోకి రాగానే పెళ్ళికూతురి తల్లిదండ్రులను పలకరించండి, గంటకోసారి మళ్ళీ పలకరించండి. అడిగిందే అడుగుతున్నా, తూలుతున్నా అది బెంగ అనుకోకండి. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్ళు తడిపి, గాలి ఆడిస్తూ, ఆ తడి ఆరనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.