పాయ ఈదొచ్చిన పిల్లి

సువార్తమ్మ బస్సెక్కిందంటే పక్క సీటు ఖాళీయే. ఒళ్ళో స్టీలు క్యారియరు, అందులో పిల్లి పెంట. నాగాయలంక దగ్గర మడ అడవిలో పీతలు పట్టుకుని బతికే మనిషి. నాలుగేళ్ళుగా, చేపలు పట్టి తినే నీటిపిల్లుల పెంట ఆ అడవిలో ఏరి, పామర్రు, కంకిపాడు మీదుగా బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా అడవి జంతువుల పరిశోధన ఆఫీసుకు తెచ్చేది. నేనక్కడ కంప్యూటర్ ఆపరేటర్‌ని. మొదట్లో నేనూ ముక్కు మూసుకున్నవాణ్ణే, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఆ పెంటను పరీక్ష చేయించి పిల్లుల చుట్టరికాలు తేల్చేది మా ఆఫీసు సైంటిస్టు రుచిత మేడం. ఏటిలో మంచినీళ్ళు తగ్గి, సముద్రం ఏటికేడు లోపలికొస్తుంటే, మడచెట్లు చచ్చి అడవి ముక్కలైంది. ఒక ముక్కలోని పిల్లి ఇంకో ముక్కకు పోలేదు. సువార్తమ్మ తిరిగే పాయ పక్కన మిగిలిన పదకొండు పిల్లులూ ఒకే తల్లి సంతానమని తేలింది. వాటిలో వాటికే జత కుదిరితే పిల్లలు బలహీనంగా పుడతాయి. అప్పటికే అన్నిటికీ తోక వంకర.

"మేనరికాల మీద మేనరికాలన్నమాట," అంది సువార్తమ్మ. "బయటి సంబంధం రావాలండీ మేడంగారూ. ఎట్టాగైనా రావాలి."

వచ్చింది. పోయినేడు తుఫాను తగ్గిన మర్నాడు, ఎన్నడూ చూడని మగపిల్లి ఒకటి పాయ ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కింది. చెవి చిరిగింది. తోక పొట్టిదైనా తిన్నగా ఉంది. సువార్తమ్మ దాని వెనకే పోయి, పొదలో అది వదిలిన పెంట ఏరింది. ఇంటికొచ్చేలోపు మళ్ళీ వాన పడి కవరు తడిసి ముద్దయింది. కుళ్ళిపోతుందేమోనని ఆమె ప్రాణం కొట్టుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెకు తెలిసిన ఉపాయం ఒక్కటే, చేపకు చేసేది. మర్నాడు ఎండ రాగానే చాప పరిచి, కాకులు ముట్టకుండా వల కప్పి, మూడు రోజులు ఎండబెట్టింది. పక్కనే కూర్చుని కాపలా కాసింది.

ఆ పాయకు అడ్డంగా కట్ట వేసి రొయ్యల చెరువులు తవ్వుతానని ఒకాయన అర్జీ పెట్టుకుని ఉన్నాడు. పిల్లులు ఆ దారిన వస్తున్నాయని రుజువు చూపిస్తేనే అది ఆగుతుంది.

"ఎండకు లోపలి డీఎన్ఏ గుర్తులన్నీ చెడిపోయాయి సువార్తమ్మా. నీడన పెట్టమన్నాను కదా," అంది రుచిత మేడం. మెల్లగానే అంది.

"నా కళ్ళతో చూశానండీ. నేను చూశానని రాసుకోండి."

పీతలు పట్టే మనిషి కళ్ళకు విలువ కట్టే కాగితం ఈ దేశంలో ఎక్కడుంది? 'ఈ పాయ మీదుగా బయటి పిల్లి వచ్చినట్టు ఆధారం లేదు' అన్న వాక్యం టైపు చేసింది నేనే. టైపు చేస్తుంటే ఏడుపొచ్చింది. ఏం లాభం, ఒక్క అక్షరం మార్చలేదు.

నెల తిరక్కుండా కట్ట పడింది. చెవి చిరిగిన పిల్లి మళ్ళీ కనిపించలేదు. పోయేలోపు ఏ ఆడపిల్లితోనైనా జతకట్టి ఉంటుందని సువార్తమ్మ ఆశ. ఆ ఆశతోనే పీతల పని కూడా మానుకుని పొదల చుట్టూ తిరిగింది. మార్చిలో ఫోన్ చేసింది.

"ఈ ఏడు ఒక్క కాన్పేనండీ. రెండు పిల్లలు. పొద్దుటి నుంచి చూస్తన్నా."

"తోకలు?" అన్నాను.



"వంకరేనండీ," అంది. "రెండిటికీ."