నాన్నలు వండుతారా?

ఈ మధ్యాహ్నం నేను చదువు చెప్పే పంచాయతీ సమితి బాలవాడిలో పిల్లలు అమ్మానాన్నల ఆట ఆడారు. నాన్నగా రైతుబిడ్డ రమణయ్య కాళ్లు చాపుకొని కూర్చుని అన్నం పెట్టమన్నాడు. అమ్మగా ఉన్న పోలమ్మ, చేపలు పట్టేవాళ్ల పిల్ల, బుట్ట నెత్తికెత్తుకుంది.

"నేను చేపలమ్మేదానికి పోతుండా. అన్నం నువ్వే వండు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకో."

వాడు బిత్తరపోయి నన్నడిగాడు. "పంతులమ్మా, నాయనలు యాడన్నా వండుతారా?"

"మా అమ్మ నర్సు. మా ఇంట్లో నాయనే వండేవాడురా," అన్నాను.

వాడు బొమ్మను భుజాన వేసుకుని ఇసుకతో అన్నం వండాడు. పోలమ్మ తిరిగొచ్చి, రుచి చూసినట్టు నటించి, "ఉప్పు చాల్లేదు" అంది.

"పొద్దున్నించీ పొయ్యికాడ చచ్చి వండితే ఈ మాటా!" అన్నాడు రమణయ్య.

అచ్చం వాళ్లమ్మ గొంతే! సాయంత్రమైనా నాకు నవ్వాగడం లేదు. మీ పిల్లల ఆటలో వంట ఎవరిదో కాస్త చూసి చెప్పండి.