నూకల పోస్టుకు మిల్లు చప్పుడు

బ్లాగు పెట్టిన కొత్తలో నన్ను చదివింది ఒక్కతే, కోదాడలో నాతోపాటు ఇంజినీరింగ్ చదివిన స్నేహితురాలు. చదివి తిట్టింది కూడా. "బాగానే రాస్తావే, కానీ అన్నీ అక్షరాలే. సున్నం కొట్టిన గోడలాగా ఉంటుంది. ఫోటోలు పెట్టు, వీడియో పెట్టు, ఏదో ఒక శబ్దం పెట్టు. మనిషి ఒక నిమిషం ఆగాలా వద్దా?" ఒళ్లు మండింది కానీ ఆమె మాట నిజమే. పెట్టడం మొదలుపెట్టాను.

పేరు లేకుండా రాస్తున్న ఆ బ్లాగు నాదేనని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయనకు కూడా తెలియదు. నేను మిర్యాలగూడలో తరాలుగా బియ్యం మిల్లు నడుపుతున్న ఇంటి కోడలిని. ఈ ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఫోను ఉండొచ్చు, ఫోనులో ఆడవాళ్లు ఉండకూడదు. మా తోడికోడలు ఒక పెళ్లిలో పాటకు రెండడుగులు వేసి, ఆ వీడియోను అందరూ చూసేలా పెట్టింది. ఎవరూ అరవలేదు. మామయ్య ఒక్క మాట అన్నారు, ఆమె చేతిలోకి బటన్ల ఫోను వచ్చింది. ఇప్పటికీ అదే. ఫోను పోతే నా రాత కూడా పోతుంది. పగలంతా మింగిన మాటలు కక్కుకోవడానికి నాకు వేరే చోటు లేదు.

అందుకని జాగ్రత్తగానే ఉన్నాను. ఉప్పుడు బియ్యం తొట్ల మీద లేచే ఆవిరిని ఫోటో తీశాను. ఆరబోసిన వడ్ల మీద పడ్డ కాలిగుర్తులు తీశాను. గోడ మీది మిల్లు పేరు పడితే కత్తిరించేదాన్ని, నా చెయ్యి పడితే గాజులతో సహా తీసేసేదాన్ని. జనం నిజంగానే ఆగారు. ఆవిరి కనపడితేనే దాని కింద రాసిన ఉక్కపోతను నమ్ముతారని అప్పుడు తెలిసింది.

తర్వాత నూకల పోస్టు రాశాను. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా అత్తమ్మ పళ్లెంలో నూకలన్నమే చూస్తున్నాను. సన్నబియ్యం మగవాళ్లకు, చుట్టాలకు. బియ్యం బస్తాలు ఇంటి కప్పు దాకా పేర్చిన చోట, ఆ ఇంటి పెద్దావిడ అందరూ తిన్నాక కూర్చుని నూకలు తింటుంది. ఎందుకని అడిగితే "అలవాటైంది బిడ్డా" అంటుంది. నాకు కోపం ఆగలేదు. ఆ కోపంతోనే రాశాను. పళ్లెం ఫోటో పెడితే ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు కాబట్టి చప్పుడు పెట్టాను. పెరట్లో నిలబడి, నడుస్తున్న మిల్లును ఫోనులో రికార్డు చేసి పోస్టు మొదట్లో అతికించాను. ఊరినిండా మిల్లులే, చప్పుడు విని ఇల్లు పట్టుకునేవాళ్లెవరు అనుకున్నాను.

ఆ వారంలోనే మామయ్యకు సూర్యాపేటలో కంటి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక పొద్దంతా వరండాలో మంచం మీదే. అత్తమ్మ చుక్కల మందు వేస్తుంది, ఆయన కళ్లు మూసుకుని పడుకుంటారు, ఆమె పక్కనే కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటుంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలకు ముందు మామయ్య నన్ను పిలిచారు.

"అమ్మా, జర ఇటు రా."

ఆయన గుండెల మీద ఫోను ఉంది. అందులోంచి నా మిల్లు చప్పుడు వస్తోంది.

"ఎవరో మిల్లోళ్ల గ్రూపుల పెట్టిన్రు. గీ చప్పుడు ఇను. వడ్లను పైకి మోసే బెల్టుకు డబ్బాలుంటయి గద, మన దాంట్ల ఒకటి వదులై రేకుకు తాకుతున్నది. సీజన్ అయినంక సూద్దామని నేనే ఊకున్న. ఇగో, టక్. మల్ల టక్. ఇది మన మిల్లే."

పొద్దస్తమానం నా చెవుల్లో పడే చప్పుడే అది. విని విని నాకు వినపడడం మానేసింది. గోడ మీది పేరును కత్తిరించిన తెలివి ఇక్కడ పనిచేయలేదు.

"కింద ఎవరింటి సంగతో రాసిన్రట, గ్రూపుల నవ్వుతున్నరు. ఎవరిదో వాళ్లకు తెల్వది. డాక్టర్ నన్ను ఫోను సూడొద్దన్నడు. నువ్ సదువు. మాటను బట్టి రాసినోళ్లెవరో పట్టుకుంట."

ఫోను తీసుకున్నాను. నా వాక్యాలు, నా కోదాడ మాటలు, అన్నీ అక్కడే ఉన్నాయి. కొత్తగా చూస్తున్నదానిలా కావాలనే తడబడుతూ చదివాను. ఆవిరి గురించి రాసింది చదివాను. కళ్లాన్ని గురించి రాసింది చదివాను. చూపు మాత్రం మామయ్య మొహం మీదే. ఆయన కనుబొమ కదిలినప్పుడల్లా పట్టుబడ్డాననే అనుకుంటున్నాను. "ఈ ఇంట్లో నూకలు ఎవరు తింటారంటే" అన్న మాట వరకు వచ్చి ఆగిపోయాను. ఆ పేరా దాటేద్దామని తల దించి ఫోనులోకి చూశాను.

ఫోను నల్లగా ఉంది. అందులో నా మొహం ఉంది.

ఎప్పుడు ఆరిపోయిందో తెలియదు. చదవడం మొదలుపెట్టాక ఒక్కసారి కూడా దాన్ని వేలితో తాకలేదు. ఆరిపోయిన ఫోనును పట్టుకుని, రాసుకున్నదాన్నంతా చూడకుండానే అప్పజెప్పాను.

"ఆగినవేంది?" అన్నారు మామయ్య, కళ్లు మూసుకునే.

ఆయన చూడలేదు. అత్తమ్మ చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ ఫోను వెలుగుతోందో లేదో తెలియడానికి అక్షరాలెందుకు? చేటలో ఆమె వేళ్లు ఆగిపోయాయి. నా మొహంలోకి చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో. తోడికోడలి బటన్ల ఫోను నా కళ్ల ముందు కదిలింది. నూకల సంగతి లోకానికి చెప్పింది ఎవరో ఆమెకు అర్థమైపోయింది, ఇక ఆమె నోరు విప్పడమే తరువాయి.

అత్తమ్మ చేట పక్కన పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ముందుకు వంగి, మామయ్య రోజూ చేసినట్టే, ఫోను పక్కనున్న బటన్ నొక్కి వేలితో పైకి తోసింది. వెలుగు వచ్చింది. నా పోస్టు వచ్చింది.

"ఏం లేదు, లైటు పోయింది," అని మామయ్యకు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సదువు బిడ్డా. నూకల కాడ ఆగినవ్. ఆయన్ని గూడ ఇననియ్యి."

చదివాను. ఈసారి తడబడలేదు.