మంద పడుకున్న రాత్రి

ఇది అల్లిన కథ కాదు. మా అన్న మీద ఒట్టు. రాసి పెట్టడానికి కారణం ఒక్కటే. ఇలా పడిపోయే మనిషికి ఇంకెవరూ కాల్చిన కొడవలితో వాత పెట్టకూడదు.

మా అన్న యాదగిరి మిలిటరీలో చేసి, చైనా సరిహద్దు నుంచి ఇంటికి వచ్చాక మొదలైంది. ఉన్నట్టుండి పడిపోయేవాడు. కాళ్లూ చేతులూ కొట్టుకునేవాడు. మూర్ఛ మందులు వాడినా తగ్గలేదు. మేం గొర్రెల వాళ్లం. గొర్రె గిరగిరా తిరిగి పడితే నుదుటి మీద వాత పెడతాం. అన్నకూ అదే మందు అన్నాడు బాపు.

నేను బడికి పోలేదు. చదువంతా చిట్యాల లైబ్రరీలోనే. అక్కడి వైద్య పుస్తకంలో ఉంది... మూర్ఛలో కళ్లు చాలావరకు తెరిచే ఉంటాయట. మనసులో అణచుకున్న భయం కూడా మనిషిని అలాగే పడేస్తుందట, అప్పుడు కళ్లు మూసుకుంటాయట. అన్న కళ్లు గట్టిగా మూసుకుంటాడు. రెప్ప ఎత్తబోతే ఇంకా బిగిస్తాడు.

వైశాఖ మాసం. వెన్నెల. ఒక రైతు చెలకలో మంద ఆపాం. బాపు నిప్పుల్లో కొడవలి పెట్టాడు.

"బాపూ, గిది మూర్ఛ కాదు. పుస్తకంల ఉంది."

"గొర్లను కాసిందారా నీ పుస్తకం? పడంగనే కాళ్లు పట్టు."

"జర ఆగు. ఒక్కపారి పడ్డప్పుడు అన్న కండ్లు చూడు."

అంతలోనే అన్న పడిపోయాడు. గొర్రెలు బెదిరి లేచాయి. మెడ గంటలు గణగణ... బాపు కొడవలి తీశాడు. నేను అన్న తల ఒడిలోకి తీసుకున్నాను. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. పెదాలు కదిలాయి. కేక కాదు... గుసగుస.

"లేట్ జావ్."

పడుకోండి అని.

గంటలు ఆగిపోయాయి... అన్నీ ఒక్కసారే.

తలపైన ఏదో తూటాలా దూసుకుపోయింది. సన్నని ఈల. చాలా దగ్గరగా... గాలి లేదు. ఆకు కదలలేదు.

నోట్లో మట్టి తగిలింది. అప్పుడు తెలిసింది, నేను బోర్లా పడి ఉన్నాను. ఎప్పుడు పడ్డానో తెలియదు. పక్కనే బాపు, రెండు చేతులూ తల మీద. కొడవలి మట్టిలో చల్లబడుతోంది. మంద మొత్తం గడ్డాలు నేలకు ఆనించి పడుకుంది. కుక్క కూడా.

సరే, మాకు ఉర్దూ తెలుసు. గొర్రెలకు?

చాలాసేపటికి అన్న లేచి కూర్చున్నాడు.

"అందరున్నరా?"

బాపు తల మీంచి చేతులు తీశాడు. "ఉన్నం బిడ్డా. అందరం ఉన్నం."

ఆ తర్వాత వాత మాట ఎత్తలేదు. అన్న ఇప్పటికీ పడిపోతాడు. బాపు పక్కన కూర్చుని అదే మాట చెబుతాడు, అందరం ఉన్నం అని. ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుందని పుస్తకంలో దొరికింది. ఈల గురించి ఎక్కడా లేదు.

గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రరీ నర్సింహ గారికి, అర్థం కాని మాటలు విప్పి చెప్పిన కాంపౌండర్ ఖాసిం సాబుకు, రాయమన్న అన్న యాదగిరికి కృతజ్ఞతలు. మా బాపు మల్లయ్యకు కూడా. ఆ ఈల తనకూ వినిపించిందా అని ఎన్నోసార్లు అడిగాను. ఒకటే జవాబు.

"మంద లేసింది. నడువ్."