బస్సు దగ్గర మార్చిన వరస

మా కూతురు స్పిన్నింగ్ మిల్లులో పొద్దుటి షిఫ్టుకి తెల్లారకముందే పోతుంది. ఏడో తరగతి చదివే దాని పిల్లకు జడలేసి బడి బస్సు ఎక్కించే పని నాది.

ఒకరోజు తల దువ్వుతుంటే, "అమ్మమ్మా, కోటప్పకొండ తీసకపోయి నాకు గుండు చేయించవా?" అంది. ఇంత చిన్నపిల్లకు ఎంత భక్తో అనుకున్నా. పక్కింటావిడకు కూడా చెప్పుకున్నా.

మర్నాడు దువ్వెన కుడి చెవి వెనక తగిలితే ఉలిక్కిపడింది. పాయ తీసి చూశా. గోరంత మేర వెంట్రుకల్లేవు. తోలు ఎర్రగా కందిపోయింది.

"ఏందే ఇది?"

"బస్సులో," అంది. ఆ తర్వాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మా వీధి చివరింటి పిల్లోడు, పదో తరగతి, వెనక సీట్లో కూర్చుని దీని రిబ్బన్లు సీటు కమ్మీకి ముడేస్తాడంట. బడి రాగానే లేస్తే తల వెనక్కి గుంజుకుంటదంట. "పెళ్లికూతురు దిగనంటందిరోయ్, బావను వదల్లేకపోతంది!" అని బస్సంతా అరుస్తదంట.

"డ్రైవరుకు చెప్పలా?"

"చెప్పా. మీ బావేగా అన్నాడు."

"మీ అమ్మకు?"

"చెప్పా. నవ్వింది."

నిజమే, వాడు దానికి బావ వరసే. ఊరి వరసలో వాడి తండ్రి నన్ను పెద్దమ్మా అంటాడు, తల్లి అత్తా అంటది. మా దగ్గర బావ మరదల్ని ఎంత ఏడిపించినా తప్పు పట్టరు. నవ్వాలి. నవ్వకపోతే పిల్లకే పొగరంటారు.

"నువ్వు బడికొచ్చి చెప్పమాక, ఇంకా నవ్వుతారు. గుండు కొట్టించు. లేకపోతే నేను బడి మానేస్తా," అంది పిల్ల. ఏడవలేదు. అట్టా ఏడవకుండా అంటేనే నాకు భయమేసింది.

సాయంత్రం వాళ్లింటికి పోయా. వాడి తల్లి వసారాలో మిరపకాయల తొడాలు తీస్తా ఉంది. సంగతి చెప్పా.

"ఏంది అత్తా, వరసైనోడు సరసమాడకపోతే దారినపోయేవాడు ఆడతాడా? రేపు పిల్లనిచ్చేది మాకేగా!" అని నవ్వింది. పక్కన కూర్చుని తొడాలు తీసేవాళ్లూ నవ్వారు. నాకు కోపం రాలా, ఏడుపూ రాలా. ఇంటికొచ్చి అన్నం వండా.

పొద్దున బస్సొచ్చింది. పిల్లలెక్కారు. వాడి తల్లి కొడుక్కి క్యారియర్ అందిస్తా ఉంది. నేను బస్సు మెట్టు మీద కాలు పెట్టి కమ్మీ పట్టుకున్నా.

"ఏమే, ఇయ్యాల్టి నుంచి నువ్వు నాకు కోడలివి కాదు, కూతురివి. అత్తా అనమాక, అమ్మా అను."

"మరి మా ఆయనో?"

"అల్లుడు."

అందరూ పకపకా నవ్వారు. నేను ఆగలా.

"నువ్వూ మా కూతురూ అక్కాచెల్లెళ్లయితే మీ బిడ్డలు ఏమవుతారు? నీ కొడుకు దీనికి అన్న. ఒరేయ్, వినపడిందా? నన్ను అమ్మమ్మా అని పిలువు."

నవ్వులు ఆగిపోయినయ్. వరస మార్చటమంటే రేపటి సంబంధం తెంచుకోవటమే, అక్కడ అందరికీ తెలుసు. వాడి తల్లి మొహం నల్లబడింది. "మీ పిల్ల లేకపోతే మాకు గతిలేదా?" అని వెనక్కి చూడకుండా పోయింది. వాడు తల దించుకుని, వినపడీ వినపడనట్టు, "అమ్మమ్మా," అన్నాడు.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, చెల్లెలి జడ గుంజుతావేందిరా? ముందుకొచ్చి నా పక్కన కూర్చో."

నిన్నటి డ్రైవరే. నిన్నటి జడే. నేను కాలు తీశా, బస్సు పోయింది.

ఆ తర్వాత బస్సులో పెళ్లికూతురన్న మాట వినపడలేదంట. అన్నాచెల్లెళ్లను అట్టా అనటానికి పిల్లలకైనా నోరు రాదు. ఆ ఇంటివాళ్లు మాతో మాట్లాడటం మానేశారు. మంచి సంబంధం పోగొట్టావని మా కూతురు నామీద అలిగింది. పిల్ల పాయ తీసి చూపించా. మా కూతురు నూనె తెచ్చి అక్కడ రాసింది.

పిల్ల సంతోషపడతదనుకున్నా. అక్కడ జుట్టు కొంచెం కొంచెం మొలుస్తా ఉంది. దువ్వెన అటు పోతే ఇప్పటికీ కళ్లు మూసుకుంటది.

"కొండకు పోదామా, గుండుకి?" అని అడిగా.

దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. "జడలే వెయ్యి. గట్టిగా వెయ్యమాక."

వేశా. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. రెండు జడలూ ముందుకేసుకుని గుప్పెట్లో పట్టుకుంది. నేను చెయ్యి ఊపా. దానికి చెయ్యి ఖాళీ లేదు.