కాగితం వెనక్కిమ్మన్న తొమ్మిదో తరగతి

ఇరవై రెండేళ్లుగా ఆవిడ పిల్లల ఇంగ్లీషు వ్యాసాలు దిద్దుతూనే ఉంది. బడిలో ఆవిడ అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. ఎర్రసిరా టీచరంటేనే తెలుస్తుంది. దిద్దిన కాగితాలు తిరిగిస్తే పిల్లలు మార్కు చూసుకుని సంచిలో కుక్కేసేవారు. "తప్పులు సరిచేసి మళ్లీ రాయండి" అన్న మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవారు. ఆ ఒక్కటీ వాళ్ల తలకెక్కించలేకపోయానే అని ఆవిడకు లోలోపల దిగులు.

ఒక ఆదివారం ఆవిడ భర్త పుస్తకాల బీరువా ముక్కలు కొనుక్కొచ్చి, వాటితో వచ్చిన కాగితం ముందు పెట్టుకుని బిగించాడు. తీరా నిలబెడితే తలుపులు తలకిందులుగా ఉన్నాయి.

"రాసినట్టే చేశానే," అన్నాడాయన బిక్కమొహం వేసి.

ఆవిడ కాగితం లాక్కుని చదివింది. పాపం, ఆయన తప్పేం లేదు. తలుపుకు ఏది పై వైపో రాసినవాడు చెప్పనే లేదు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనిషి ఠక్కున ఆగిపోయింది.

"ఏవండీ, నాకు పాఠం దొరికింది," అంటూ పెన్ను కోసం పరిగెత్తింది.

మర్నాడు తొమ్మిదో తరగతికి చెప్పింది: "ఇంట్లో ఎవరి దగ్గరైనా ఒక పని నేర్చుకోండి. అదెలా చేయాలో ఇంగ్లీషులో రాసి, సామానుతో సహా గురువారం తీసుకురండి. మీ కాగితం చదివి ఇంకొకరు చేస్తారు. రాసిందే చేస్తారు, రాయనిది చేయరు. పక్కనుంచి మీరు నోరు విప్పకూడదు."

గురువారం తరగతి గది సంతను తలపించింది. "సూదికి దారం ఎక్కించి గుండీ కుట్టండి," అని ఒకమ్మాయి రాసింది. దారం చివర ముడి వేయమని రాయలేదు. ఆ కాగితం చూసి కుట్టిన పిల్లాడికి ప్రతిసారీ దారం సాంతం జారి చేతికొచ్చేస్తుంటే గదంతా ఒకటే నవ్వులు. ఆ గోలకు హెడ్మాస్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటమ్మా ఇది? పక్క గదిలో లెక్కల పరీక్ష జరుగుతోంది."

టీచరు గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెబుదామని నోరు తెరిచింది కానీ వేరే మాట వచ్చేసింది. "మేడమ్, మీరెప్పుడైనా సైకిల్‌కి పంచరు వేశారా?"

"నేనా? జన్మలో లేదు."

"అయితే మీరే కావాలి. పది నిమిషాలు, చప్పుడు లేకుండా."

తరువాతి కాగితం మూగనోముది. ఏడాదంతా నోరు విప్పనందుకు తోటిపిల్లలు పెట్టిన పేరది. వాళ్లమ్మ వీధి మలుపులో సైకిళ్లు బాగుచేస్తుంది. హెడ్మాస్టరమ్మ ఒక్క క్షణం తటపటాయించి, చేతి గడియారం తీసి బల్లమీద పెట్టి, కాగితం అందుకుంది. ట్యూబుకు గాలి కొట్టింది. నీళ్ల బేసిన్‌లో ముంచి, బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టింది. గాలి తీసి, తడి తుడిచి, సొల్యూషన్ పూసి, ఆరాక ప్యాచ్ వేసి నొక్కింది. మళ్లీ గాలి కొట్టగానే ప్యాచ్ లేచొచ్చేసింది.

"రాసినట్టే చేశాను కదా?" అంది హెడ్మాస్టరమ్మ. ఆవిడకూ పంతం వచ్చేసింది.

మూగనోము లేచి నిలబడింది. "గరుకు కాగితంతో రుద్దాలి మేడమ్. అది రాయలేదు. అమ్మ మాట్లాడుతూనే రుద్దేస్తుంది, నేను గమనించలేదు." చేయి చాపింది. "టీచర్, నా కాగితం ఇవ్వండి. మళ్లీ రాస్తాను."

 ఈ మాట పిల్లల నోట వింటాననే ఆశ టీచరు ఎప్పుడో వదిలేసుకుంది. హెడ్మాస్టరమ్మ దగ్గరున్న కాగితం తీసి అందించింది.

ఆ పిల్ల ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది: రబ్బరు నునుపు పోయి రంగు వెలిసేదాకా రుద్దండి. హెడ్మాస్టరమ్మ అలాగే రుద్ది, మొదటినుంచీ చేసింది. ట్యూబు నీళ్లలో ముంచితే ఒక్క బుడగ రాలేదు.

"నాదీ ఇవ్వండి టీచర్, ముడి సంగతి రాయాలి." "నాది కూడా, అంతా తప్పే రాశాను." నాలుగు వైపులా చేతులు లేచాయి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

హెడ్మాస్టరమ్మ తడి చేతులు తుడుచుకుంటూ, "వచ్చేసారి పరీక్ష లేని పూట పెట్టు. నన్నూ పిలువు," అని వెళ్లింది.

సాయంత్రం టీచరు ఇంటిదారి వదిలి వీధి మలుపులోని సైకిల్ షాపు వైపు నడిచింది. లోపల గోడకు ఆ పంచరు కాగితం అతికించి ఉంది.

"నాకు ఇంగ్లీషు రాదు టీచరుగారూ," అంది తల్లి, చేతిలో పని ఆపకుండా. "మా పిల్ల చదివి చెప్పింది. నేను రోజూ ఇన్ని పనులు చేస్తున్నానని నాకే తెలీదు."