మందరం కింద తూనీగలు

2006 వేసవిలో ఒక ఆట నియమాల్లో నేను ఒక అంకె మార్చాను. మార్చినట్టు ఎవరికీ చెప్పలేదు. దానివల్ల పిఠాపురంలో ఒక మనిషికి మోసగాడన్న పేరు వచ్చింది.

అప్పుడు నేను రాజమండ్రి దానవాయిపేటలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంటర్నెట్‌లో వందలమంది ఒకేసారి ఆడే అంతరిక్ష యుద్ధాల ఆట మాది. నా హోదా బ్యాలెన్స్ డిజైనర్. ఆ పనేమిటో బంధువులకు చెప్పడం కష్టంగా ఉండేది. "అయితే లెక్కలు రాస్తావన్నమాట" అని మా మావయ్య తేల్చేశారు. ఆయన అన్నది తప్పేమీ కాదు. ఏ ఓడ ఖరీదెంత ఉండాలి, ఎంత దెబ్బ కొట్టాలి, ఎంత దెబ్బకు తట్టుకోవాలి, దాని ఫిరంగి ఎంత వేగంగా తిరగాలి అన్నవన్నీ నేనే నిర్ణయించేవాణ్ణి.

మా ఆటలో అన్నిటికంటే చవక ఓడ పేరు తూనీగ. కొత్తగా చేరినవాడు ఒక సాయంత్రం కూర్చుని ఆటలో ఖనిజం మోసి అమ్మితే దాన్ని కొనుక్కోగలడు. అన్నిటికంటే ఖరీదైనది మందరం. జట్టు జట్టంతా నెలల తరబడి కూడబెడితే గాని రాదు. మేము పెట్టుకున్న సూత్రం ఒకటే: ఒక మందరం ఖరీదుకు ఎన్ని తూనీగలొస్తాయో అన్నీ కలిసి దానిమీద పడితే పోరు ఇంచుమించు సమానంగా సాగాలి. ఎప్పుడూ తూనీగలే గెలిస్తే మందరాన్ని ఎవరూ కొనరు. ఎప్పుడూ మందరమే గెలిస్తే కొత్తవాళ్ళు ఆట మానేస్తారు.

ఆ వేసవిలో మందరాలు తరచుగా కూలిపోతున్నాయి. భీమవరంలో రొయ్యల చెరువులున్న వర్మగారు ఒక పెద్ద జట్టుకు నాయకుడు. ఆయన మా మేనేజర్ ప్రసాదరావుగారికి ఫోన్ చేసి, "ఏంటండీ ఇది, ఏనుగును కొనమంటారు, దోమల చేత కుట్టించి చంపుతారు" అనేవారు. ఆయన గొంతు ఫోన్ బయటికి కూడా వినిపించేది.

నేను మందరం ఫిరంగుల దెబ్బ పెంచాను. పరీక్షించి చూస్తే ఇక దాన్ని ఎవరూ ఓడించలేరని తేలింది. అందుకని ఫిరంగి తిరిగే వేగాన్ని సగానికి తగ్గించాను. ఏ అంకె మార్చినా ఆటగాళ్ళకు ముందుగా ప్రకటించాలన్నది మా వృత్తిలో నియమం. ఆ ప్రకటనను ప్యాచ్ నోట్స్ అంటారు. దెబ్బ పెంచిన సంగతి రాశాను. వేగం తగ్గించిన సంగతి రాయలేదు. తన ఓడలో ఏదో తగ్గిందని చదివితే వర్మగారు మళ్ళీ ఫోన్ చేస్తారని నా భయం. ప్రసాదరావుగారికి కూడా చెప్పలేదు.

వర్మగారి జట్టుతో తలపడే జట్టుకు నాయకుడు సత్తిబాబు. ఉప్పాడలో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. తను మాత్రం పిఠాపురంలో నెట్ సెంటర్ నడిపేవాడు. అక్కడికొచ్చే కుర్రాళ్ళే అతని జట్టు. కొత్త అంకెలు అమల్లోకి వచ్చాక వాళ్ళు ఐదారుగురు చొప్పున మందరం మీదికి వెళ్ళి చచ్చిపోతూ ఉండేవారు. మళ్ళీ ఖనిజం మోసి, తూనీగలు కొని, మళ్ళీ వెళ్ళేవారు. వీళ్ళకు మొండితనం తప్ప ఇంకేమీ లేదనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు జట్లూ పోరు పెట్టుకున్నాయి. మా ఆటలో యుద్ధాల ముహూర్తాలు కరెంటు కోతల్ని బట్టి కుదిరేవి. ఒక ఊళ్ళో కరెంటు పోతే ఆ ఊరి దళమంతా మాయమైపోయేది కాబట్టి, భీమవరంలోనూ పిఠాపురంలోనూ కోత లేని వేళ చూసుకునేవారు. నేను ఆఫీసులో పరిశీలకుడి కెమెరాతో చూస్తున్నాను. ఆటగాళ్ళెవరికీ కనబడకుండా యుద్ధమంతటినీ చూడగలిగే ఏర్పాటు అది.

వర్మగారి మందరం నడిబొడ్డున నిలబడి ఉంది. చీకట్లోంచి తూనీగలు వచ్చాయి. మొదటి వరస కాలిపోయింది. రెండోది కూడా కాలిపోయింది. ఆ పొగలోంచి మిగిలినవి బయటపడి నేరుగా మందరం పొట్టకిందికి దూరాయి. పెంకుకు తగిలీతగలనంత దగ్గరగా, అన్నీ ఒకే వైపు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఫిరంగులు వాటి వెనక తిరుగుతున్నాయి గాని అందుకోలేకపోతున్నాయి. దూరంగా ఉన్నదాన్ని గురిపెట్టడానికి గొట్టం కాస్త కదిలితే చాలు. అంత దగ్గరగా తిరిగేదాన్ని పట్టుకోవాలంటే చాలా వేగంగా తిరగాలి. ఆ వేగాన్ని నేను తగ్గించేశాను.

తెర అడుగున ఆటగాళ్ళు టైపు చేసే మాటలు పరిగెడుతున్నాయి.

"ఆగకండ్రా, ఆగినోడు అయిపోతాడు. తిరగండి, తిరగండి!" అది సత్తిబాబు.

"ఎవర్రా కింద?" అని వర్మగారు.

"మేమేనండి వర్మగారూ. మరీ వంగి చూడకండి, మెడ పట్టేస్తుంది" అన్నాడొకడు.

తూనీగల దీపాలన్నీ కలిసి మందరం చుట్టూ వెలుగు కంకణంలా కనిపించాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆ ఓడ గీతలు, ఆ ఫిరంగుల అంకెలు అన్నీ నాకు కంఠస్థం. అయినా ఇలాంటిదొకటి వాటిలో దాగి ఉందని నాకు తెలియదు. ఎవరి ముఖమూ ఎవరికీ కనబడని ఇంతమంది, నేను చెప్పని ఒక అంకెను పసిగట్టి, దాని చుట్టూ నాట్యం చేస్తున్నారు. మందరం నడుము దగ్గర విరిగి రెండు ముక్కలైనప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఉద్యోగంలో అంత అద్భుతం నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు ప్రసాదరావుగారు నన్ను పిలిచారు. వర్మగారు మోసం జరిగిందంటున్నారట. "నువ్వు ప్రకటించిన అంకెల ప్రకారం ఆ తూనీగలు బతకగలవా?" అని అడిగారు.

"బతకలేవండి" అన్నాను. ప్రకటించిన అంకెల ప్రకారం అది నిజమే.

దొంగ సాఫ్ట్‌వేర్ వాడాడని సత్తిబాబు ఖాతా మూసేశారు. అందరూ చదివేలా ఆ సంగతి ప్రకటించారు కూడా. అతను ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు ఎత్తింది నేనే. "మేమేం వాడలేదు సార్. చచ్చి చచ్చి, ఎక్కడ చావట్లేదో చూసుకున్నాం, అంతే" అన్నాడు. నిర్ణయం పైవాళ్ళదన్నాను. "అంకెలు మీరే చూస్తారంట కదండి. మరి మీకు తెలిసుండాలే" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. తర్వాతి విడత మార్పుల్లో ఫిరంగి వేగాన్ని చడీచప్పుడు లేకుండా మునుపటి స్థాయికి తెచ్చాను. సత్తిబాబు చేసినట్టే చేయబోయిన ఇతర జట్లన్నీ క్షణాల్లో కాలిపోయాయి. అతను మోసం చేశాడనడానికి అదే రుజువైంది. సొంత జట్టు కుర్రాళ్ళు కూడా నమ్మారు. గెలుపని చెప్పి తమ చేత దొంగాట ఆడించాడని అతని నెట్ సెంటర్‌కు రావడం మానేశారు.

ఆ వృత్తి వదిలేసి చాలా ఏళ్ళయింది. ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు సంగతులు. చవక ఓడ బలం దాని తుపాకీలో ఉండదు. పోగొట్టుకున్నా మళ్ళీ కొనుక్కుని మళ్ళీ ప్రయత్నించగలగడమే దాని బలం. వర్మగారు తన ఓడతో ఒక్క ప్రయోగం కూడా చేయలేరు. సత్తిబాబు రోజూ చేయగలడు. నా లెక్కల్లో దానికి ఖరీదు కట్టలేదు. రెండోది, ప్రకటించని అంకె ఎంత చిన్నదైనా, దాని ఫలితాన్ని ఆడేవాడు మోయాల్సి వస్తుంది.

పోయినేడు పిఠాపురం వెళ్ళాను. నెట్ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు సత్తిబాబు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నేనెవరో చెప్పి, చేసిందంతా చెప్పాను. చేతిలోని ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

"ఎంతకి తగ్గించారండి?"

"సగానికి."

"అనుకున్నానండి. అది బద్ధకంగా తిరిగేది" అన్నాడు. తర్వాత, "నాకు చెప్తే ఏం లాభమండి? మావాళ్ళకి చెప్పండి" అని ఫోన్లు చేశాడు.

సాయంత్రానికి ఆనాటి జట్టులోంచి నలుగురొచ్చారు. మీసాలు నెరుస్తున్న మనుషులు. విషయం వినగానే ఒకాయన, "ఇన్నేళ్ళకి ప్యాచ్ నోట్స్ వచ్చాయన్నమాట" అన్నాడు. ఇంకొకాయన సత్తిబాబు వైపు చూడలేక తల దించుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "మందరం ఫిరంగి వేగం సగానికి తగ్గించింది నేను. ఆ సంగతి దాచింది నేను. ఆ రోజు మీరు న్యాయంగా గెలిచారు. సత్తిబాబు గారూ, మిమ్మల్ని మోసగాడంటుంటే తెలిసి ఊరుకున్నాను. నన్ను క్షమించండి."